తాత అడిగిన మాట

కట్టంగూర్‌లో ఎల్లస్వామి ఇంటి ముందు జీపు ఆగినా ప్రవళిక దిగలేదు. క్యాన్సర్ ముదిరిన రోగులకు ఇంటి దగ్గరే సేవ చేసే పనిలో ఆమె కొత్తగా శిక్షణ పొందుతోంది. నేర్పే సిస్టర్ అప్పటికే దిగి నిలబడింది.

"దిగు చెల్లె, తాత ఎదురుచూస్తుండు."

"నేను రానక్కా. మొన్న నా చెయ్యి పట్టుకొని, 'ఇంకెన్ని దినాలు బతుకుత బిడ్డా' అని అడిగిండు."

"ఏమన్నవ్?"

"మంచిగైతవు తాతా అన్న. గా అబద్ధం చెప్పిన సంది ఆయన మొహం చూడలేకపోతున్న."

"ఇయ్యాల మళ్ళ అడిగితే?"

"నువ్వే చెప్పక్కా. నీకు భయం లేదు."

"ఎవరన్నరు? గీ పనిల పదిహేనేండ్లాయె, ఇప్పటికీ గడప కాడ నాకు భయమైతది. గట్లనే లోపలికి పోత. నిన్ను నమ్మి అడిగిండు, నువ్వే చెప్పాలె. నేను పక్కన్నే ఉంట."

ప్రవళిక దిగింది. లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చుంది.

"తాతా, మొన్న నేను అబద్ధం చెప్పిన. గీ రోగం తగ్గది. ఎక్కువ దినాలు లేవు."

ముసలాయన మళ్లీ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"జడ్చర్లల నా బిడ్డున్నది. మూడేండ్ల సంది మాటల్లేవు. మంచిగైనంక పోదామనుకున్న. జర ఫోన్ కలుపు బిడ్డా."

"నంబర్ చెప్పు తాతా."