హైమవతి గారి డి సెక్షన్

1991 జూలై 17వ తేదీన హనుమాన్ జంక్షన్ దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో శ్రీమతి హైమవతి గారు జీవశాస్త్ర ఉపాధ్యాయినిగా విధుల్లో చేరారు. చేరిక పత్రం మీద సంతకం పెట్టిన వెంటనే ప్రయోగశాల తాళంచెవి అడిగారట. ఆ బడిలో తాళం ఉంది గాని ప్రయోగశాల లేదు. వారు ఆ తాళాన్ని మెట్ల కింద ఖాళీ గదికి వేసి, తలుపు మీద సుద్దముక్కతో ‘ప్రయోగశాల’ అని రాశారు. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగ జీవితం ఆ విధంగా ఆరంభమైంది.

కాలేయం పాఠాన్ని బొమ్మతో సరిపెట్టడం వారికి సమ్మతం కాదు. ఉల్లిపాయ కొనడానికి కూడా తిథి చూసే ఇంటి నుంచి వచ్చిన ఆవిడ, మాంసం దుకాణం ముందు వరుసలో నిలబడి మేక కాలేయం కావాలన్నారు.

“ఫ్రైకాండీ, పులుసుకాండీ? దాన్నిబట్టి ముక్కలు కొట్టాలి,” అన్నాడు దుకాణదారు.

“పాఠానికండీ. కొట్టొద్దు.”

మర్నాటి నుంచి ఆ ఊళ్లో వారు ‘లివరు మేడం’. 2003లో విజయవాడ శివారు బడికి, 2012లో పామర్రు మండలంలోని మన పాఠశాలకు బదిలీ అయినప్పుడు, సర్వీసు రిజిస్టరు కంటే ముందే ఆ బిరుదు చేరుకుంది. రోజూ ఆటోనగర్ దగ్గర బస్సెక్కి, దారి పొడవునా పరీక్ష పేపర్లు దిద్దుతూ వచ్చేవారు. బస్సు కుదుపుకు ఒకసారి ఏడు కాస్తా తొమ్మిదిలా పడితే, దాన్ని సరిచేయడానికి మనసొప్పక, మిగిలిన నలభై రెండు పేపర్లకూ రెండేసి మార్కులు కలిపారు.

2018లో మన సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు అచ్యుతరామారావు గారు కాలం చేశారు. వారికి హెపటైటిస్ బి చాలాకాలంగా ఉంది; మాత్రలు వాడుతూ ఉండేవారు. ఆ ఏడాది కళ్లు పచ్చబడితే, ఉన్న జబ్బే తిరగబెట్టిందనుకున్నారు ఇంట్లోవాళ్లు. బి పక్కన డి అనే మరో వైరస్ చేరిందన్న సంగతి ఆఖరి వారంలో గాని తెలియలేదు. ఈ వ్యాసం రాస్తున్న తెలుగు టీచరు వారి భార్య. ఆ విషయం ఇంతకు మించి రాయనక్కర్లేదు.

పదో రోజున పలకరించడానికి వచ్చిన హైమవతి గారు ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. రిపోర్టులు అడిగి తీసుకుని, వరండాలో కూర్చుని ఒక్కొక్కటీ చదివారు. తర్వాత విజయవాడలో డాక్టర్లను కలిసి, తెలుసుకున్నదంతా బడిభాషలోకి మార్చారు. “బి సెక్షన్‌లో పేరు లేనివాడికి డి సెక్షన్‌లో అడ్మిషన్ ఉండదు. బి లో ఉన్నవాడు డి లో కూడా ఉన్నాడేమో మాత్రం తప్పక చూడాలి. రెండింట్లోనూ ఉంటే లివరు తొందరగా పాడవుతుంది. బి టీకా వేయించుకున్నవాడికి రెండు సెక్షన్ల బెడదా లేదు.” తొమ్మిదో తరగతి పిల్లలకు ఇది ఎక్కాల కంటే బాగా వచ్చు.

2022లో మన వ్యాయామోపాధ్యాయులు శౌరయ్య గారు ఒక మధ్యాహ్నం ప్రయోగశాలకు వచ్చి తలుపు దగ్గరగా వేశారు. తనకు ఐదేళ్లుగా బి ఉందని, ఈమధ్య ఈల ఊదడానికి కూడా ఓపిక ఉండటం లేదని, కళ్లు పచ్చబడ్డాయని, ఆదివారం కామెర్ల పసరు తాగడానికి వెళ్తున్నానని చెప్పారు.

“పసరుకు సెక్షన్లు తెలియవు శౌరయ్య గారూ. ముందు డి పరీక్ష చేయించండి.”

“చేయిస్తాను గాని మేడం, ఎవరికీ చెప్పకండి. నా టీ గ్లాసు వేరే పెడతారు.”

కలిసి తిన్నా తాగినా అది అంటదని ఆయనకు తెలుసు. తెలియనివాళ్లకు చెప్పే ధైర్యం లేదు. హైమవతి గారు మాట ఇచ్చారు. డాక్టరుకు ఫోన్ చేయడం మరచిపోకుండా ఒక చీటీ రాసి, అలవాటు చొప్పున హాజరు రిజిస్టరులో పెట్టారు. ఆ సాయంత్రం రిజిస్టరుతో పాటు చీటీ కూడా ప్రధానోపాధ్యాయులు వెంకటసుబ్బారావు గారి బల్ల మీదికి వెళ్లింది.

‘బి లో ఉన్నాడు. డి లో కూడా ఉన్నాడేమో వెంటనే తేల్చాలి. ఆలస్యమైతే ప్రమాదం.’

మరుసటి వారమే తనిఖీ. ఒక విద్యార్థి పేరు రెండు సెక్షన్లలో ఉండటమే ఘోరం. పైగా మన బడిలో ఏ తరగతికీ సి దాటి సెక్షన్ లేదు. లేని సెక్షన్‌లో ఉన్న పిల్లవాణ్ని తలుచుకుని వెంకటసుబ్బారావు గారికి చెమటలు పట్టాయి.

“ఎవడమ్మా వాడు?” అని హైమవతి గారిని పిలిచి అడిగారు.

“చెప్పలేనండీ.”

“కనీసం ఏ తరగతి?”

“పెద్దవాడండీ.”

“పదో తరగతా? ఇంకేముంది, కొంప మునిగింది!”

మూడు రోజుల్లో సంజాయిషీ కోరుతూ మెమో ఇచ్చారు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో హైమవతి గారు అందుకున్న మొదటి మెమో అది. విచారణాధికారిగా, అసెంబ్లీలో పిల్లలను లెక్కించడంలో అనుభవజ్ఞులని, శౌరయ్య గారినే నియమించారు. పాపం ఆయన, అసలే ఓపిక లేని మనిషి, మూడు పూటలు మైదానంలో పిల్లలను వరుసల్లో నిలబెట్టి లెక్కపెట్టారు. చీటీ సంగతి ఆయనకు తెలియదు. తెలిసిన హైమవతి గారు కిటికీలోంచి చూసి, “ఆయన్ని నీడలో కూర్చోబెట్టి లెక్కపెట్టించండి,” అని మాత్రం కబురు పంపారు.

మూడో రోజు స్టాఫ్ రూములో అందరి ముందు సంజాయిషీ చదివారు. ‘పేరు తెలుపుటకు అశక్తురాలను. అది నా పేరు కాదు గనుక ఇచ్చే హక్కు నాకు లేదు.’

“అయితే పైకి రాయాల్సి వస్తుందమ్మా,” అన్నారు వెంకటసుబ్బారావు గారు బాధగా. “పదవీ విరమణకు మూడేళ్ల ముందు రికార్డులో మచ్చ ఎందుకు చెప్పండి?”

“రాయండి. తప్పు నాదే, చీటీ అక్కడ పెట్టకూడదు.”

ప్రధానోపాధ్యాయులు ఆ చీటీని కూడా బిగ్గరగా చదివి వినిపించారు. శౌరయ్య గారు లేచి నిలబడ్డారు.

“విచారణ పూర్తయిందండి. ఆ డబుల్ ఎంట్రీ నేనేనండి.”

“నువ్వేంటయ్యా! ఏ క్లాసు?”

“క్లాసు కాదండి, లివరు.”

సంగతంతా ఆయనే చెప్పారు. వెంకటసుబ్బారావు గారు మెమో వంకా ఆయన వంకా చూసి, “మూడు రోజులు నిన్ను ఎండలో నిలబెట్టానా!” అని కుర్చీలో కూలబడ్డారు. ఎవరి గ్లాసూ వేరు కాలేదు. పసరు ప్రయాణం ఆగింది. పరీక్షలో డి ఉన్నట్టే తేలింది. కాలేయం ఇంకా చేయి దాటిపోలేదని డాక్టరు చెప్పారు. దాదాపు ఏడాదిపాటు వారానికో ఇంజెక్షన్. శనివారం ఇంజెక్షన్, ఆదివారం జ్వరం, సోమవారం అసెంబ్లీ. ఆ సోమవారాల్లో ఈల ప్రధానోపాధ్యాయులే ఊదారు. అది కూత కాదు, మూలుగు అని పిల్లలు తీర్మానించారు. ఆ వేసవిలో హైమవతి గారు మన సిబ్బంది మొత్తాన్ని, కుటుంబాలతో సహా, రక్తపరీక్షకు నిలబెట్టి, అవసరమైనవారికి టీకా వేయించారు. సూదికి భయపడి మూత్రశాలలో దాక్కున్న పెద్దమనిషి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయనే ఈ వీడ్కోలు సంచికకు ముందుమాట రాశారు.

ఇప్పుడు శౌరయ్య గారి రక్తంలో డి కనిపించడం లేదు. బి కి మాత్రలు, ఆర్నెల్లకోసారి పరీక్ష కొనసాగుతున్నాయి. ఈ సంగతులు రాయడానికి అనుమతి అడిగితే ఆయన మొత్తం చదివి, ‘పాపం’ అన్న మాట కొట్టేయమన్నారు. తెలుగు టీచరు కొట్టేయలేదు.

2025 జూలై 31న హైమవతి గారు పదవీ విరమణ చేస్తున్నారు. ఇకనైనా పరీక్షల ఊసు లేకుండా విశ్రాంతి తీసుకోండని తోటివారంటే, శౌరయ్య గారు అడ్డుపడ్డారు. “అలా దీవించకండి. నా పరీక్ష తేదీ దగ్గర పడినప్పుడు ఆవిడ ఫోన్ చేసి తిడితేగాని నేను వెళ్లను.”

హైమవతి గారు నిండు ఆరోగ్యంతో, ఇదే కంఠంతో, నూరేళ్లు వర్ధిల్లాలి. ఇలా కోరుకోవడం లోక మర్యాద. మాకు అవసరం కూడా.