నిలవని బిళ్ల

షెడ్డులో ఇద్దరున్నారు: వడ్రంగి మేస్త్రీ, ఆయన దగ్గరే పనిచేసే బావమరిది. మధ్యలో తయారవుతున్న భోజనాల బల్ల, దాని మీద వెల్లకిలా పడి ఉన్న, చెక్కని నునుపు చేసే సాండింగ్ మిషన్.

“మళ్లీ ఊడిందా?”

“ఊడింది బావా.”

“థూ! ఇప్పుడేగా కొత్త ఉప్పుకాగితం బిళ్ల అంటించావు?”

“అంటించాను. మీట నొక్కానో లేదో ఎగిరిపోయి పెయింటు డబ్బాల వెనక పడింది.”

“నీ మొహం చూసి ఉప్పుకాగితం కూడా పారిపోతోందిరా. చవకబారు బిళ్లలు తెచ్చుంటావు.”

“నువ్వు చెప్పిన కొట్లో, నువ్వు చెప్పిన రకమే తెచ్చాను. పాతవీ ఆగట్లేదు, కొత్తవీ ఆగట్లేదు. తప్పు బిళ్లది కాదు, మిషన్‌ది.”

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే. బిళ్ల అంటించే ప్యాడ్‌కి దుమ్ము పట్టుంటుంది. గాలి కొట్టావా?”

“కొట్టాను. బ్రష్షుతో దులిపాను కూడా.”

“మరి ఈ బంకేంట్రా? ఛీ ఛీ, వేళ్లకంతా అంటుకుంది! ప్యాడ్‌కి జిగురు పూశావా?”

“ఒక్క చుక్క. సాయంత్రం బల్ల కోసం వస్తారు కదా, ఈ పూటకి నిలబడితే చాలని...”

“చుక్కట, చుక్క! చీమిడి కారినట్టుంది. చూస్తే మళ్లీ అన్నం ముట్టబుద్ధి కాదు. ఇంతేసి మనిషివి, ఇదా నీ తెలివి? సరే, ఈ నల్ల గుండ్రం ఎక్కడిది?”

“ఏ గుండ్రం?”

“ఇదిగో, బల్ల మధ్యలో! బిళ్ల ఊడిపోయినా చూసుకోకుండా వట్టి ప్యాడ్‌తో రుద్దావు. చెక్క మాడింది.”

“అది నేను కాదు.”

“నువ్వు కాకపోతే మీ తాత లేచొచ్చి రుద్దాడా?”

“బావా, తిట్టడం ఆపి ఓసారి ప్యాడ్ చూడు. ఈ అంచున చిన్న చిన్న ముళ్లున్నాయా? అవి పట్టుకుంటేనే బిళ్ల నిలుస్తుంది. ఇప్పుడు మధ్యలో చూడు. ముళ్లే లేవు, కరిగిపోయాయి. కొత్త ప్యాడ్ వేస్తే సరిపోతుంది.”

“ఎందుకు కరిగాయి? అది చెప్పు.”

“వేడికి. మిషన్ దాని బరువుతో అది నడవాలి. ఎవరో ఒంటి బరువంతా దాని మీద వేసి నొక్కారు.”

“ఎవరో ఏంట్రా, ఎవరో! ఇక్కడున్నది నువ్వూ నేనూ. నాకు నొక్కే ఖర్మేంటి? పలక మీద ఇలా చెయ్యి పోనిస్తే చాలు, గరుకెక్కడుందో నా వేళ్లే చెప్తాయి.”

“నేనూ నొక్కలేదు.”

“అబద్ధం! తప్పు చేసినవాణ్ణి భరిస్తా గానీ, చేసి ఒప్పుకోనివాణ్ణి చూస్తే నాకు అసహ్యం. సామాన్లు సర్దుకో. రేపట్నుంచి రాకు.”

“బావా!”

“మీ అక్క మొహం చూసి ఇన్నాళ్లూ ఊరుకున్నా. ఇక నా వల్ల కాదు.”

“సరే, పోతా. కానీ నొక్కింది నేను కాదు.”

“మరెవరు? చెప్పు.”

“నాకు... నాకు తెలీదు.”

“తెలుసు. మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తున్నావు. ఎవరున్నారక్కడ?”

మేస్త్రీ భార్య లోపలికి వచ్చింది.

“నేనే నొక్కానండీ.”

“నువ్వా? తమ్ముణ్ణి వెనకేసుకు రాకు!”

“వెనకేసుకు రావట్లేదు. మీరు ఇంటికొచ్చి కునుకు తీసినప్పుడల్లా నేనిక్కడికొస్తా. వీడు ఓ పక్క చేత్తో కాగితం రుద్దుతాడు, నేను మిషన్ పడతా. సున్నితంగా పట్టడం నాకెక్కడొచ్చు? తొందరగా అవ్వాలని బరువంతా వేసేశాను. ఆ మచ్చ నాదే.”

“అసలు నీకెందుకే మిషన్?”

“అయిపోయిందని మీరు వదిలేసిన పలకలు మళ్లీ రుద్దడానికి.”

“నా పనినా? నేను రుద్దిన పలకని నువ్వు... ఛీ! అక్కాతమ్ముళ్లు కలిసి నా వెనక ఇంత రోత పని చేస్తున్నారా?”

“అక్కా, వదిలెయ్. నేను పోతానన్నాగా.”

“నోర్ముయ్ రా. నువ్వు పోతే అదంతా నేనొక్కదాన్నే రుద్దాలి.”

“ఏం రుద్దాలే? నా పలక గరుకుందని ఇంతవరకూ ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడన్నాడా?”

“అనలేదు. అననివ్వలేదు.”

“ఏంటి?”

“మీ చేతులకి ఏమైందండీ? చొక్కా గుండీ పెట్టుకోలేరు. ఊరికే విదిలిస్తుంటారు.”

“తిమ్మిరి! మిషన్ పట్టే ప్రతివాడికీ వస్తుంది. కాసేపుంటే పోతుంది.”

“పోతోందా?”

“పోతుందన్నాగా!”

“అయితే కళ్లు మూసుకుని చెయ్యి ఇటివ్వండి. నునుపో గరుకో చెప్పండి. సరిగ్గా చెప్పారంటే వీణ్ణి నేనే సాగనంపుతా.”

“ఇదేం చోద్యమే?”

“భయమా?”

“నాకా! ఇదిగో, మూసుకున్నా. పట్టుకో.”

“ఇటు రండి. జాగ్రత్త, కింద వైరుంది. ఆఁ, ఇక్కడ. నెమ్మదిగా పోనివ్వండి. ఏంటిది?”

“ఇదీ ఒక ప్రశ్నేనా? నునుపు. అద్దంలా ఉంది. ఇదీ నా చేతి పనంటే! మీకు ఏడు జన్మలెత్తినా రాదు. విన్నావట్రా బామ్మర్దీ? సర్దుకో ఇక. ఏమే, నువ్వెందుకు ఏడుస్తున్నావు?”

“బావా, చెయ్యి తియ్యి. అది రంపంతో కోయించి తెచ్చిన పలక, ఇంకా ఎవరం రుద్దలేదు. నీ వేలిలో చెక్క పేడు దిగింది. రక్తం కారుతోంది, చూసుకో.”