గంగాదాస్ కార్జంల కోళ్లు

ఆర్మూర్ మార్కెట్ యార్డు గేటు పక్కపొంటి లింగవ్వ చాయ్ హోటల్ ఉంటది. పసుపు వచ్చే కాలంల ఆ హోటల్ల ఏది ముట్టుకున్నా చేతికి పచ్చగ అంటుతది. బల్లలు, గ్లాసులు, లింగవ్వ కొంగు, ఆఖరికి చాయ్ మీది మీగడ గూడ. మార్చి నెల, పగటి బువ్వ తిన్న యాళ్ల. యార్డుల కాంటాలు ఆగినయ్. పసుపు దుమ్ము ఎండల మెల్లగ తిరుగుతుంటే, హోటల్ల కూసున్నోళ్లందరు సగం నిద్రల, సగం మెలకువల ఉన్నరు.

మూలకున్న బల్ల మీద దినకర్ కూసున్నడు. ఆయనది అంకాపూర్. నాలుగెకరాల పసుపు, రెండెకరాల మక్క. పొద్దుగాల ట్రాక్టర్ మీద పసుపు తెచ్చి, తన వంతు కోసం చూస్తుండు. ఆయన అంగి జేబుల నాలుగు మడతల కాయితం ఒకటుంది. బీమా కోసమని రక్త పరీక్ష చేయిస్తే వచ్చిన కాయితం అది. లివర్ లెక్క నలభై లోపల ఉండాల్సింది, నూట పన్నెండు ఉంది. షుగరు గూడ జర ఎక్కువనే ఉంది. "లివర్‌కు కొవ్వు పట్టినట్టుంది. స్కానింగ్ తీయించుకో. బుగులు వెట్టుకోకు గని ఆలస్యం గూడ చేయకు" అన్నడు డాక్టరు.

దినకర్ కల్లు ముట్టే మనిషి కాదు. దావతులల్ల గ్లాసు బోర్లేసి కూసుంటడు. అసుంటోని లివర్ చెడిందంటే ఊరు ఏమంటది? ఇన్నేండ్ల సంది సాటుకు తాగుతుండన్నట్టే గదా అంటది. ఆ సిగ్గుకే మూడు రోజులాయె, భార్య మానసకు గూడ చెప్పలే. స్కానింగ్ సెంటర్ రోడ్డుకు అవుతలి పక్కనే ఉంది. కూసున్న కాడికి దాని బోర్డు మంచిగ కనవడుతుంది. ఆయన అటు దిక్కు చూస్తలేడు.

అప్పుడు గంగాదాస్ వచ్చిండు.

గంగాదాస్‌ది రైతుల పసుపు అమ్మివెట్టే అడ్తి దుకాణం. యాభై ఐదేండ్లుంటయ్. గడపల ముందుగాల కడుపు అడుగువెడితే, వెనక ఆయన వస్తడు. మాటకారి. ఆయన నోరు తెరిచిండంటే యార్డుల హమాలీలు సంచులు కింద వెట్టి వింటరు.

"ఏం సేటు, పది రోజుల సంది కనవడుతలేవు?" అన్నడు ఎంకటి అనే హమాలీ, కండ్లు తెరవకుండనే.

"ఏమున్నది ఎంకటి, చిన్న ముచ్చటే. కుడి పక్క జర బరువుగ అనిపిస్తే డాక్టరు కాడికి పోయిన. ఆయన ఒత్తి చూసి, గంగాదాస్ గారు, మీ లివర్‌కు జరంత కొవ్వు పట్టింది అన్నడు. గంతే."

దినకర్ చాయ్ గ్లాసు బల్ల మీద వెట్టిండు. లివర్. ఆ మాటను ఈ మనిషి ఇంత మంది నడుమ, కొత్త బండి కొన్న అని చెప్పినట్టు చెప్తుండు.

"లివర్ అంటే?" అన్నది లింగవ్వ.

"కార్జం అక్కా! మటన్ దుకాణంల నువ్వు అడిగి ఏయించుకుంటవ్ సూడు, గది. మనకు గూడ ఉంటది. అయితే నాది జర లెక్క వేరు. బల్ల మీద పండుకోవెట్టిండ్రు. కడుపుకు చల్లగ ఏదో రాసి మిషన్ వెట్టిండ్రు. టీవీల చూస్తే లివర్ కనవడాలె గదా? కనవడుతలేదు. డాక్టరు మిషన్ ఇటు జరిపె, అటు జరిపె, అంతా తెల్లగనే ఉంది. ఏం ముచ్చటా అని చూస్తే, నా లివర్ టీవీల వడుతలేదు! అంచు ఒక్కటే కనవడుతుంది. పక్క రూంల టీవీ తెచ్చి దీనికి ఆనిచ్చి వెట్టిండ్రు. సాలలే. రిసెప్షన్ల వార్తలొచ్చే టీవీ పీక్కొచ్చిండ్రు. సాలలే. ఆఖరికి ఎదురుంగ మూడంతస్తుల బిల్డింగు గోడ మీద వేసిండ్రు బొమ్మ. అప్పుడు కనవడ్డది, సగం."

"సగమే?" అన్నడు ఎంకటి. ఇప్పుడు ఒక కన్ను తెరిచిండు.

"సగమే. మిగిలిన సగం పక్కూరు పెర్కిట్ దిక్కు పోయింది. అటెన్క ఏమైందో ఎరికేనా? రక్తం తీసిండ్రు. అండ్ల లివర్ ఎంజైమ్ అని ఒకటుంటది. కార్జానికి బాధైతె అది రక్తంలకు కారుతది. మామూలు మనిషికి నలభై. నా రక్తం మిషన్ల ఏసినంక, మన కాంటా మీద లారీ ఎక్కినట్టు, వంద, వెయ్యి, లక్ష, నంబర్ ఆగుతలేదు. మిషన్ లోపటికెల్లి కాయితం వస్తనే ఉంది. బల్ల దిగింది, మెట్లు దిగింది, రోడ్డు మీదికెల్లి బస్టాండు దాకా పోయింది. కండక్టర్లు టికెట్లనుకొని చింపుకున్నరు."

హోటల్ల నవ్వులు లేసినయ్. దినకర్ గూడ నవ్విండు. మూడు రోజుల తర్వాత నవ్వుడు అది. లక్ష ముంగట నూట పన్నెండు ఎంత? తన జేబుల కాయితం ఒక్క మనిషి జేబుల వట్టేటంతే ఉంది గదా అనిపించింది ఆయనకు.

"నీకు భయం కాలేదా సేటు?" అన్నది లింగవ్వ.

"భయమెందుకు? ఆ చల్లదనానికి నాకు నిద్రొచ్చింది. నిద్రల మెల్లగ నా కార్జంలకే నడుసుకుంట పోయిన." గంగాదాస్ గొంతు తగ్గింది. కండ్లు సగం మూసిండు. "అబ్బ, ఏం చెప్పాలె. చలికాలం పొద్దుగాల మక్క చేన్ల మీద మంచు ఉంటది సూడు, గట్ల ఉంది లోపల. తెల్లగ, మెత్తగ, అడుగేస్తే కాలు దిగవడుతది. పైకెల్లి దూది పింజల లెక్క కొవ్వు రాలుతుంది. చప్పుడే లేదు. కొంచెం దూరం పోయినంక కొక్కొక్కొ అని వినవడ్డది. చూస్తే, కోళ్లు! తెల్లయి, ఎర్రయి, చుక్కలయి. ముప్పై ఏండ్ల సంది నేను తిన్న అంకాపూర్ నాటుకోళ్లు ఒక్కటి పోకుండ ఆడనే ఉన్నయ్. మంచుల మేసుకుంట తిరుగుతున్నయ్. నన్ను గుర్తువట్టినయ్."

ఎవరు నవ్వలే. అందరు ఆ తెల్లటి మంచుల నిలవడ్డట్టే ఉన్నరు. దినకర్‌కు తన ఊరి చేన్లు కనవడ్డయ్. ఆ మంచుల తను గూడ నడుస్తున్నడు. భయం లేదు, సిగ్గు లేదు, చల్లగ ఉంది.

"అండ్ల ఒక ముసలి పుంజు ముంగటికొచ్చి అడిగింది. గంగాదాసు, ఇరుకైతుంది బిడ్డా, నువ్వు నడుస్తవా, మమ్ముల నడువుమంటవా అన్నది. నేనే నడుస్త తాతా అన్న. లేసి, ఏడు రోజులు పచ్చి పసుపు రసం చెంబుకు చెంబు తాగిన. మందు లేదు, గోలి లేదు. ఎనిమిదో రోజు పొద్దుగాల హైవే ఎక్కి నడుసుడు మొదలువెట్టిన. కొవ్వు కరిగి మడిమలల్లకెల్లి కారుతుంది. నా వెనక రోడ్డంతా పచ్చగ మెరుస్తుంది. లారీలు జారి పక్కకు ఆగినయ్. ఇందల్వాయి ఊరు చేరేసరికి ఎంత అల్కగ అయిన్నంటే, బరువే లేదు, గాలి వచ్చి కాళ్లు లేపింది. తేలిన! కింద పసుపు చేన్లు, చెరువులు, మక్క కంకుల మీద పిట్టలు. నా అంగిల గాలి నిండి మెల్లగ, మబ్బుల పక్కకెల్లి, ఎవ్వరితోని మాట్లాడకుండ, ఆర్మూర్ దాకా తేలుకుంటనే వచ్చిన. యార్డు మీదికి వచ్చినంక సుతిలి తాడు కిందికి ఏస్తే, నలుగురు హమాలీలు గుంజి దించిండ్రు. అడుగు, ఎంకటినే అడుగు!"

ఎంకటి తల గోక్కున్నడు. "గుంజినమేమో సేటు. ఆ పొద్దు మస్తు సంచులు గుంజినం."

దినకర్ చెయ్యి జేబు కాడికి పోయింది. ఏడు రోజులు పసుపు రసం. పసుపు ఇంట్లనే ఉంది. ఎవ్వరికి చెప్పే పని లేదు, ఏ బల్ల మీద పండుకునే పని లేదు. గంగాదాస్ మాటల సగం అబద్ధమే అయినా, మిగిలిన సగం నిజమైతే సాలు గదా అనుకున్నడు. కాయితం చింపేద్దామా అన్న ఆలోచన గూడ వచ్చింది.

"గట్ల ఇందల్వాయికెల్లి తేలుకుంట వచ్చినోనివి," అన్నది ఒక ఆడమనిషి గొంతు, "పొద్దుగాల స్కానింగ్ సెంటర్ మెట్లు పన్నెండు ఎక్కలేకపోయినవా?"

గంగాదాస్ వెనక ఆయన భార్య విద్యావతి నిలవడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఏమో, కోళ్ల కాడి సంది విన్నట్టే ఉంది. ఆమె చేతుల దవాఖాన ఫైలు ఉంది.

"నువ్వు... నువ్వెప్పుడొచ్చినవ్?"

"మీ పుంజు తాత మాట్లాడుతుంటే వచ్చిన. లింగవ్వా, ఈయన ఆ బల్ల మీద పండుకోనే లేదు. మూడు సార్లు టోకెన్ తీసిన. మూడు సార్లు మెట్ల కాడికెల్లే ఉరికొచ్చిండు. రక్తం లెక్క లక్ష కాదు, తొంభై ఆరు. పసుపు రసం తాగిన మాట మాత్రం నిజమే. వాంతులైతున్నయ్, నాలుగు రోజుల సంది బువ్వ తింటలేడు."

గంగాదాస్ బల్ల మీది పచ్చ దుమ్ముల వేలుతోని గీతలు గీసుకుంట కూసున్నడు. విద్యావతి గొంతు మెత్తవడ్డది.

"మా బావ, ఈయన అన్న, గిట్లనే స్కానింగ్‌కు పోయి, దవాఖానకెల్లి మల్ల ఇంటికి రాలే. అప్పటికే లివర్ మొత్తం పోయింది. అంతకుముందు ఆయన ఏనాడు చూయించుకోలే. ఈయనకు ఆ బల్లను చూస్తే అన్న యాదికొస్తడు. నాకు తెల్వదా? తెలుసు. గని చూయించుకోకపోతే గదా గట్లయ్యేది."

దినకర్‌కు ఏమనిపించిందో ఆయనకే తెల్వదు. లేసి, జేబుల కాయితం తీసి, మడతలు విప్పి గంగాదాస్ ముంగట వెట్టిండు.

"అన్నా, నాది నూట పన్నెండు. నేను చుక్క ముట్టలే. ఇంట్ల గూడ చెప్పలే. నాకు గూడ ఆ మెట్లు ఎక్కుడైతలేదు. నువ్వొస్తే ఇద్దరం పోదాం."

గంగాదాస్ కాయితం దిక్కు చూసిండు.

"నూట పన్నెండా?" అన్నడు. "నాకంటె ఎక్కువనా?"

"పదహారు ఎక్కువ అన్నా."

"సరే పా. నీకు ధైర్యం చెప్పనీకే వస్తున్న," అని లేసిండు గంగాదాస్.

రోడ్డు దాటిండ్రు. మెట్లు ఎక్కేటప్పుడు గంగాదాస్ దినకర్ మణికట్టు వట్టుకున్నడు. పైదాకా ఇడువలే. లోపల బల్ల మీద ముందుగాల దినకర్ పండుకున్నడు, ఆయన లేసినంక గంగాదాస్. కడుపు మీద చల్లగ తాకంగనే గంగాదాస్ కండ్లు గట్టిగ మూసుకున్నడు. విద్యావతి ఆయన కాళ్ల మీద చెయ్యి వెట్టి నిలవడ్డది.

డాక్టరు ఇద్దరినీ కూసోవెట్టి చెప్పిండు. ఇద్దరిదీ కొవ్వు పట్టుడే, లివర్ ఇంక గట్టివడలే, మంచిగైతది. దినానికి గంట నడువుండ్రి, కడుపు తగ్గించుండ్రి, తీపి బంజేయుండ్రి, గంగాదాస్ గారు సాయంత్రం తాగుడు గూడ బంజేయాలె, మూడు నెల్లకు మల్ల రక్తం చూద్దాం అన్నడు. కూరల పసుపుకు ఏం కాదు గని చెంబులకొద్ది రసం తాగితే ఉన్న లివర్ గూడ పోతది అని కోప్పడ్డడు.

"సార్," అన్నడు దినకర్, "తాగనోనికి గూడ వస్తదా ఇది?"

"మస్తుగ వస్తది. నీ పొట్ట, నీ షుగరు, ట్రాక్టర్ మీద కూసునుడు, గవే సాలు."

"గా మాట జర కాయితం మీద రాసిస్తరా? ఇంట్ల చూయిస్త."

డాక్టరు నవ్వి రాసిచ్చిండు. దినకర్ ఆ కాయితాన్ని రెండు సార్లు చదువుకొని, మడవకుండ చేతులనే వట్టుకున్నడు. మానసకు ఫోన్ చేయాలె అనుకున్నడు. మూడు రోజుల సంది గుండె మీద కూసున్న సంచి దిగినట్టయింది.

గంగాదాస్ మాత్రం కుర్చీలకెల్లి లేస్తలేడు.

"ఇంకేమన్న అడుగుతరా?" అన్నడు డాక్టరు.

"నా లివర్... పెద్దగుంది గదా సార్?"

"జరంత. ఇప్పటి కాలంల శానా మందికి గట్లనే ఉంటుంది. రోజుకు పది మందిని చూస్తున్న. మీది మామూలుదే."

గంగాదాస్ మొఖం చిన్నగయింది. భార్య దిక్కు చూసిండు, దినకర్ దిక్కు చూసిండు, మల్ల డాక్టరు బల్ల మీదికి వంగి మెల్లగ అడిగిండు.

"ఇంకొక్కసారి మిషన్ వెట్టి చూడుండ్రి సార్. మంచిగ చూడుండ్రి. ఉత్త మామూలుదేనా?"