ఆరువందల మీటర్లు

తిరువొత్తియూరులో పంకజం ఇల్లు. కొడుకు కేదార్ కర్మలు ముగిసిన మర్నాటి పొద్దున. ఆమె, కోడలు శరణ్య.

"ఇడ్లీ అట్లే పెట్టుకోనుండావే. తినుమా."

"తింటాను అత్తా. ముందు నేనడిగిందానికి చెప్పండి."

"ఏమడిగినావు? చల్లారిపోతాది, తిను."

"ఆ పొద్దున గ్యాస్ బావి సైటు నించి ఆయన మీకు ఫోన్ చేసినారు. తొమ్మిది నిమిషాలు మాట్లాడినారు. ఏం చెప్పినారు?"

"ఏం చెప్తాడు? టిఫిను తిన్నావా, మాత్ర ఏసుకున్నావా... దినమూ అడిగేదే గదా."

"తొమ్మిది నిమిషాలూ మాత్ర గురించేనా?"

"పక్కింటి లలితాంబ కూతురికి సంబంధం కుదిరిందని నేనే ఏందో చెప్తా ఉంటిని. విడుమా. రేపు ఆఫీసుకి ఏం కట్టుకొని పోతావు?"

"రేపు పోయేది ఆఫీసుకి కాదత్తా, విచారణకి. కంపెనీవాళ్లు ముందే రాసిపెట్టుకున్నారు. కేదార్ పైపు జాయింటు సరిగ్గా చూసుకోలేదంట. ఆయన అజాగ్రత్తంట."

"అజాగ్రత్తా? వాడికా? ఇంట్లో గ్యాస్ సిలిండరు మార్చినా మూడుసార్లు సబ్బు నీళ్లు పూసి చూసేవాడే! నువ్వు ఒప్పుకోవద్దు."

"ఒప్పుకోను. తప్పు నాదని చెప్తాను."

"ఐయో, నీదెట్లా అవుతాది? నువ్వు ఈడ గిండీ ఆఫీసులో కంప్యూటర్ ముందర కూర్చోనుంటివి."

"ఆ బావికి ప్లాను గీసింది నేనే గదా. రెండు కిలోమీటర్లు కిందికి దిగినాక అడ్డం తిరిగి, రాతి పొరలోనే పడుకుంటాది ఆ బావి. అడ్డం పొడుగు పన్నెండువందల మీటర్లు చాలన్నారు పెద్దవాళ్లు. నేను పద్దెనిమిది వందలన్నాను. ఎంత పొడుగుంటే అంత గ్యాస్ వస్తాదని వాదించి గెలిచినాను. నా మొదటి బావి అత్తా. పేరు రావాలని ఆశ."

"ఆశ పడితే తప్పా?"

"ఆ చివరిదాకా నీళ్లూ ఇసుకా తోసి రాయి పగలగొట్టాలంటే ప్రెషర్ పెంచాల. ఆ ప్రెషరంతా పైనుండే పైపులు తట్టుకోవాల. జాయింటులో ఒక ముక్క వేరే రకందంట. చూసేదానికి రెండూ ఒకే మాదిరి ఉంటాయి, మర కూడా పడతాది. తక్కువ ప్రెషర్‌కి నిలిచేదేమో. నా ఆరువందల మీటర్లకి నిలవలేదు, పేలిపోయింది."

"చాలుమా. పైపు సంగతి నాకొద్దు. వాడికి నొప్పి తెలిసిందా? అదొకటి చెప్పు."

"తెలియలేదన్నారు."

"నిజంగానా?"

"నిజంగానే. ఒక్క క్షణమంట. ఏడవండి అత్తా, ఆపుకోకండి. నేనుండాను గదా."

"నువ్వుండావు. అదే నాకు..."

"ఏంది?"

"ఏమీ లేదు. ఇంకేం చెప్పినారు వాళ్లు?"

"ఆడ ఒక రూలుండాది అత్తా. ఎవరికి అనుమానం వచ్చినా చెయ్యెత్తితే చాలు, పని ఆపేయాల. హెల్పరు ఎత్తినా సరే. ఎందుకాపినావని ఒక్కరు తిట్టకూడదు. ఆయన ఇంతకుముందు ఎన్నిసార్లో ఎత్తినారు."

"సరే."

"ఆయనతో పనిచేసే అరుముగం అన్న చెప్పినాడు. ఆ పొద్దున ఆ జాయింటు దగ్గర రెండుసార్లు వంగి చూసినారంట. సుత్తితో తట్టినారంట. ఆపైన పక్కకి పోయి ఎవరికో ఫోన్ చేసినారంట. తిరిగొచ్చి, చెయ్యెత్తకుండా నిలబడినారంట."

"అరుముగానికి ఏం తెలుసు?"

"ఆ ఫోన్ మీకే అత్తా. అనుమానం ఉండి కూడా ఎందుకు ఎత్తలేదు? నా బావి అనా? నా పేరు పోతాదనా? నాకది తెలియాల. తెలియకుంటే బతకలేను."

"తెలిస్తే బతుకుతావా?"

"మీరు నన్ను తిట్టండి. ఇన్ని దినాలుగా అన్నం కలిపి పెట్టినారు, తలకి నూనె రాసినారు, ఒక్క మాట అనలేదు. నాకదే భయంగా ఉండాది. నా కొడుకుని పొట్టన పెట్టుకున్నావే అని ఒక్కసారి అనండి."

"అనలేను."

"ఎందుకనలేరు? జాలా?"

"జాలి కాదు శరణ్యా. వాడు నన్నడిగినాడు."

"ఏమని?"

"ఒక జాయింటు మీద అనుమానంగా ఉండాదమ్మా, కొత్తది రావాలంటే రెండు దినాలు పడతాది, ఆపేదా అన్నాడు. ఇది శరణ్య బావి, పెద్దవాళ్లంతా ఆఫీసులో కూర్చొని చూస్తా ఉంటారు, నేను ఆపితే దానికెట్లా ఉంటాదో అని నసిగినాడు."

"మీరేమన్నారు?"

"నాకేం తెలుసుమా ఆ ప్రెషర్లూ అవీ? మోటారు రిపేరు లాంటిదనుకున్నాను."

"అత్తా. మీరేమన్నారు?"

"కట్టుకున్న మొగుడే పెళ్లాం పని ఆపేసినాడంటే నలుగురూ నవ్వుతారురా, ఆ బిడ్డ ఎంత కష్టపడిందో నేను కళ్లారా చూసినాను, ఈ ఒక్కసారికి చెయ్యెత్తొద్దు నాయనా అని... నేనే చెప్పినాను."