డబ్బాతో ఆడిన అబద్ధం

మరి మన ఊరి అమ్మవారు మనిషేనంటారా? చెప్పండి. ఏటలా మొహాలు చూసుకుంటారిద్దరూ? రేపు టెక్కలిలో, యంత్రం మనిషా కాదా అని డిబేట్ పెట్టుకుని!

సరే, వినండి. అమ్మవారి పేర ఎకరన్నర కొబ్బరితోట ఉంది, పాస్‌బుక్కుంది. ఎవడైనా గట్టు జరిపితే ఆవిడ పేరు మీదే కోర్టుకెళ్తారు. మాట్లాడదు, సంతకం పెట్టదు. అయినా చట్టానికి ఆవిడ ఒక వ్యక్తి. అలాంటప్పుడు మాట్లాడే యంత్రం ఎందుకు కాకూడదు? అక్కడ మొదలుపెట్టు భార్గవీ. రాసుకో.

నవ్వకురా మణికంఠా. బల్ల మీదున్న ఆ మాట్లాడే డబ్బా ఉందే, మీ తాతకి డయాలసిస్ మొదలైనప్పుడు మీ నాన్న తెచ్చి పెట్టాడు. రోజూ సాయంత్రం నాలుగింటికి అడిగేది, "తిరుపతిరావు గారూ, ఈ రోజు ఏం తాగారు?" అని. ఆయన విసుక్కునేవారు. నేనే చెప్పేదాన్ని, నీళ్లు రెండు గ్లాసులని. అంతకు మించితే ఊరుకునేది కాదు, ఆస్పత్రికి ఫోన్ చేసేసేది.

చుట్టూ కొబ్బరిచెట్లే. ఆ జబ్బు మనిషికి కొబ్బరినీళ్లు విషం. ఆ రోజు మంచం మీంచి చెట్టు వైపు చూసి, "ఒక్క బోండం కొట్టియ్యి వసంతా. ఎవలికి తెలుత్తాది?" అన్నారు.

కొట్టిచ్చాను. గడ్డం మీంచి నీళ్లు కారుతుంటే ఎంత నవ్వారనీ!

నాలుగైంది. డబ్బా అడిగింది. రెండు గ్లాసులు, నీళ్లే అన్నాను. "చాలా మంచిదండీ" అంది.

తెల్లారేసరికి ఆయన లేరు.

బోండం వల్లేనా? ఏమో. డాక్టరుకీ చెప్పలేదు, మీ నాన్నకీ చెప్పలేదు. బడిలో అబద్ధమాడిన పిల్లల చేత ముప్పయ్యేళ్లు గుంజీళ్లు తీయించినదాన్ని!

ఎవరైనా పీటతో అబద్ధమాడతారా? రోలుతో? అది వట్టి వస్తువైతే నేనేమీ ఆడనట్టే. కాదూ, అదీ ఒక మనిషేనంటే... నిజం చెప్పి ఉంటే అప్పుడే ఆస్పత్రికి ఫోన్ చేసుండేది కదర్రా.

డబ్బాని తీసేద్దామంటాడు మీ నాన్న. మీ తాత పోయారని దానికెవరూ చెప్పలేదు. ఎనిమిది నెలలుగా అడుగుతూనే ఉంది. ఈ ఇంట్లో ఆయన ఊసెత్తే గొంతు ఇంకేదుంది? నేనూ రెండు గ్లాసులనే చెప్తున్నాను.

ఇది మాత్రం రాయకమ్మా.

నాలుగవుతున్నట్టుంది. వాకిట్లో ఎండేసిన జీడిపిక్కలు సగమే తిరగేశాను, మిగతావి చూసొస్తాను. అది అడిగితే ఈ రోజు మీరే చెప్పండి. ఏం చెప్పారో నాకు వినిపించక్కర్లేదు.