గవ్వల మట్టి కింద చెట్టు

గునపం మావయ్య టీ గ్లాసు పట్టుకుంటే లారీ డ్రైవరు కూడా ఇంజను ఆపేసి దిగుతాడు. అంబరు తవ్వే గుంటల్లో ఆయనకి తెలియని మట్టి లేదు, ఆయన నోటికి తాళమూ లేదు. ఆ పొద్దున గొంతు ఇంకాస్త పెంచాడు, ఎందుకంటే బల్ల చివర పెద్దమేస్త్రి కూర్చున్నాడు. మోకాళ్ళు అరిగిపోయి పని మానేస్తున్నాడాయన. కొత్త గుంటకి మేస్త్రి ఎవరో ఇవాళే చెప్తానన్నాడు.

"నిన్న నాకు దొరికింది," అని మావయ్య గోళీకాయంత తేనెరంగు ముక్క తీశాడు. "రాయి అనుకునేరు! అంబరు, ఎప్పటిదో చెట్టు కార్చిన బంక. కోట్ల ఏళ్ళు మట్టి కింద మగ్గి గట్టిపడింది."

"ప్లాస్టిక్కేమో బాబాయ్," అంది టీ కొట్టు అక్క.

"ఏదీ, గ్లాసు నీళ్ళలో గుప్పెడు ఉప్పెయ్యి!"

వేసింది. ముక్క తేలింది.

"నకిలీకి వాడే గట్టి ప్లాస్టిక్కయితే బుడుంగుమనేది! ఇసక తవ్వాను, నల్లమట్టి తవ్వాను, దాని కింద గవ్వల మట్టి. అక్కడ దొరికింది ఇది."

పెద్దమేస్త్రి తలూపాడు. ఆ ఊపు చూసి మావయ్యకి పూనకం వచ్చింది.

"ఇంకొకడైతే అక్కడితో ఆగేవాడు, నేనాగుతానా, ఇంకా తవ్వా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గునపం ఠంగుమంది. చూద్దును కదా, చెట్టు! నిలువునా, ఆకులతో సహా! బంక ఇంకా కారుతోంది, గోరువెచ్చగా!"

"అయ్య బాబోయ్," అన్నాడు డ్రైవరు.

"అందులోంచి ఓ దోమ ఒళ్ళు విరుచుకుని లేచి, కోట్ల ఏళ్ళ ఆకలి మీదుందేమో, సరాసరి నా భుజం మీద వాలింది. ఇదిగో దద్దురు!"

"అది మా కొట్టు దోమే బాబాయ్, నిన్న నువ్విక్కడే కునుకు తీశావు," అంది అక్క.

పెద్దమేస్త్రి నవ్వలేదు. ఉప్పునీళ్ళ గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు.

"తేలింది కదరా అబ్బాయ్?"

"తేలింది."

"ఇంత తేలికదాన్ని ఏరు ఊరికే వదుల్తుందా? అడవిలోంచి దొర్లించుకొచ్చి సముద్రం బురదలో పడేసింది. అందుకే గవ్వల్లో దొరికింది. చెట్టెక్కడో, బంకెక్కడో! గవ్వల దాకా నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. అక్కడ ఆగుంటే గుంట నీదే."

మావయ్య భుజం మీది దద్దురు గోక్కున్నాడు. "మరి... చెట్టు..."

"దొరికిందిగా," అంటూ పెద్దాయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "ఆ నీడలో కూర్చో. గుంటలోకి ఇంకొకరు దిగుతారు."