చాందిని పేరున్న చోట

తొంభై ఆరు వేసవి. లక్ష్మీ నగర్‌లో మేడ మీది అద్దె గది. విడిపోయిన రాక్ బ్యాండ్‌లో మిగిలిన ఇద్దరు, పాటలు రాసి పాడేవాడూ డ్రమ్స్ వాయించేవాడూ, కూలర్ ముందు కూర్చున్నారు.

“యాడ్ వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశార్రా. మన పాట టీవీలో వస్తుంది, ఒప్పేసుకో.”

“ట్యూన్ ఉంచి మాట మారుస్తామన్నారుగా?”

“ఒక్క మాటే. చాందిని అని పాడే చోట వాళ్ళ సబ్బు పేరు పాడాలి.”

“పాటంతా ఆ ఒక్క మాట కోసమే రాశాన్రా.”

“అచ్ఛా, పోనీ. వద్దని చెప్పేస్తాలే.”

“ఆగు. ఆ యాడ్ ఎక్కడెక్కడ వేస్తారు?”

“దేశమంతా. ఎందుకు?”

“పెళ్ళయ్యాక చాందిని ఏ ఊరెళ్ళిందో కూడా తెలీదు.”

“విన్నా ఏం తెలుస్తుంది? తన పేరే తీసేశాక?”

“ధౌలా కువాన్ బస్టాప్‌లో తన పక్కనే నిలబడి రోజూ ఈ ట్యూనే కూనిరాగం తీసేవాణ్ణి. ఒకరోజు ఇటు తిరిగి, ‘బాగుంది, ఏం పాట?’ అనడిగింది.”

“నువ్వేమన్నావు?”

“‘ఇంకా మాటలు రాయలేదు’ అన్నాను. వాళ్ళకి సరేనని చెప్పరా. తనకి తెలిసింది ఆ ట్యూనొక్కటే.”